కుర్చీ ఆఖర్న ఎక్కించాలి

ఆ ఆదివారం పొద్దున్నకి మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్యతో కలిసి బస్సెక్కాలి. నగరం దాటాక వచ్చే ఆ చిన్న ఊళ్ళో దిగాలి. ఆవిడ చూసిపెట్టిన ఇంటి గుమ్మానికి టేపు పెట్టి కొలిచి, "చూశావా, మన బీరువా ఇందులో పట్టదు" అని పెదవి విరవాలి. మళ్ళీ బస్సెక్కి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేయాలి. ఆ పైన ఇల్లు మారే మాట ఇంట్లో ఇంకెవరూ ఎత్తకూడదు. ఇంట్లో ఉండేది ఇద్దరే కాబట్టి ఆ ఇంకెవరో వేరే చెప్పక్కర్లేదు.

మేస్త్రి అంటే ఇళ్ళు కట్టే మేస్త్రి కాదు, ఖాళీ చేయించే మేస్త్రి. ఇల్లు మారేవాళ్ళ సామాను కట్టి, లారీకెక్కించి, కొత్తింట్లో దించే కంపెనీలో పనివాళ్ళకి పెద్ద. వాళ్ళందరూ ఆయన చేతికింద తయారైనవాళ్ళే. నగరంలో ఆయన ఎక్కని మెట్లు లేవు, ఆయన భుజం ఒరుసుకోని గోడ లేదు. ఏ వీధిలో నడిచినా ఏదో ఒక బాల్కనీలోంచి "మేస్త్రీ, బావున్నావా?" అని ఎవరో ఒకరు పలకరిస్తారు. ఇంతమందిని కదిలించిన మనిషి తను మాత్రం పెళ్ళైన కొత్తలో దిగిన అద్దె వాటాలోంచి అంగుళం కదల్లేదు. అదేమిటని అడిగినవాళ్ళని "మందుల షాపువాడు రోజూ మాత్రలు మింగుతాడా?" అని ఎదురడిగేవాడు.

ఇళ్ళు మారడం మీద ఆయనకి గట్టి అభిప్రాయాలున్నాయి. "ఇల్లు మారితే సుఖపడిపోతామనుకుంటారు. సామాను కంటే ముందు గొడవలెక్కి కూర్చుంటాయి లారీలో. వాటిని మనం కట్టక్కర్లేదు, దించక్కర్లేదు" అనేవాడు. ఎవరూ కాదనలేదు. ఆయన మాట కాదనేవాళ్ళు ఆ నగరంలో ఒక్కరే ఉన్నారు. ఆవిడ ఆ మధ్య బస్సుల్లోనే ఎక్కువ ఉంటోంది.

ఆవిడ నర్సు. నగరంలోని పెద్దాసుపత్రిలో ఏళ్ళ తరబడి ఒకే వార్డులో, ఎవరో ఒకరి కింద పని చేసింది. ఆ ఆసుపత్రివాళ్ళు చిన్న ఊళ్ళో ఒక శాఖ తెరిచి, ఆవిడని పెద్ద నర్సుని చేసి పంపించారు. పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్ళడం, చీకటి పడ్డాక రెండు బస్సులు మారి రావడం. ఒక రోజైతే ఒక చెప్పు విప్పి, రెండోది విప్పకుండానే గుమ్మం దగ్గర గోడకి జారబడి నిద్రపోయింది.

"అక్కడ నన్ను అందరూ నర్సమ్మగారూ అంటున్నారండీ. ఇక్కడ ఏయ్ సిస్టర్ అనేవాళ్ళు" అంది ఒకరోజు.

"అయితే?" అన్నాడు మేస్త్రి.

"అయితే ఏముంది. ఒక్క ఏడాది అక్కడుండి చూద్దాం. మీరు బస్సులో రాకపోకలు చేయండి."

"నేనా? బస్సులోనా? ఈ ఊరు నాది. నేను కాలు కదపను."

ఆవిడ పోట్లాడలేదు. అదే ఆయన్ని కొంచెం కంగారు పెట్టింది. "ఆదివారం వచ్చి ఇల్లు చూడండి. మీకు నిజంగానే వద్దనిపిస్తే వదిలేద్దాం. నేను అక్కడ హాస్టల్లో ఉండి సెలవులకి వస్తాను" అంది, బట్టలు మడతపెట్టుకుంటూ. అది బెదిరింపే అనుకున్నాడు మేస్త్రి. హాస్టల్లో గది ఆవిడ అప్పటికే మాట్లాడి పెట్టుకుందని ఆయనకి తెలియదు.

ఇక బీరువా సంగతి. అది నిలువెత్తు చెక్క బీరువా. పైన నగిషీ, కింద సింహం పాదాల్లాంటి కాళ్ళు. ఎప్పుడో ఒకాయన ఇల్లు మారినప్పుడు అది కొత్తింటి గుమ్మంలో పట్టక వీధిలోనే వదిలేసి పోయాడు. "ఇది ఏ ఇంట్లోనూ పట్టదు" అని అందరూ అంటుంటే, వయసులో ఉన్న మేస్త్రి ఒంటికాలి మీద లేచి, దాన్ని తన వాటాలోకి తెచ్చి నిలబెట్టాడు. ఎలా తెచ్చాడో చూసినవాళ్ళు లేరు. "లోపలికి తెచ్చింది నేనే గానీ, బయటికి తీయడం నా వల్ల కూడా కాదు" అని అప్పటినుంచీ గొప్పగా చెప్పుకునేవాడు. ఇల్లు మారడానికి ఇంతకంటే మంచి అడ్డంకి ఏ మొగుడికి దొరుకుతుంది?

శనివారం సాయంత్రం గోడౌన్లో మేకుకి వేలాడుతున్న టేపు తీసి జేబులో వేసుకుని, "రేపు నేను రాను" అన్నాడు. మేస్త్రి సెలవు పెట్టడం ఎవరూ ఎరగరు. పనివాళ్ళలో ఆయన తర్వాతవాడు సన్నగా, పొడుగ్గా ఉండి, నడుముకి ఎప్పుడూ మోకు చుట్టుకుని తిరుగుతాడు. అందుకని వాణ్ణి తాడు అంటారు.

"ఎక్కడికి మేస్త్రీ?" అన్నాడు తాడు.

"మా ఆవిడ పనిచేసే ఊరికి. ఇల్లు చూడాలి. బీరువా కొలత చూసుకోవాలి" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంకొక్క వాక్యం చెప్పి ఉంటే ఈ కథే లేదు. కానీ మేస్త్రి ఎవరికీ సంజాయిషీ చెప్పుకునే రకం కాదు.

పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మేస్త్రి ఇల్లు మారుతున్నాడు! తమలో ఎవరి ఇల్లు మారినా చేతిలో చిల్లిగవ్వ పెట్టించుకోకుండా దగ్గరుండి కట్టించిన మనిషి. "నోరు తెరిచి మనల్ని అడుగుతాడా ఆయన? చచ్చినా అడగడు. బీరువా ఒక్కడే మోసుకుపోదామని చూస్తున్నాడు" అన్నాడు మైకు. వాడు గుసగుసలాడినా రెండు వీధుల అవతలికి వినిపిస్తుంది, అందుకే ఆ పేరు. "మనమే వెళ్ళి కట్టేద్దాం. చెప్పకుండా!"

ఆ మంచి మనసుల్ని ఏమనగలం?

ఆదివారం పొద్దున్న ఆవిడ ఇస్త్రీ బట్టలు తెచ్చుకోవడానికి వీధి చివరికి వెళ్ళింది. మేస్త్రి గడ్డం గీసుకుని, ఒక బుగ్గ మీద ఇంకా నురగ ఉండగా, తలుపు చప్పుడైతే వెళ్ళి తీశాడు. ఎదురుగా తాడు, మైకు, ఇంకో ఇద్దరు. వాళ్ళ వెనక మెట్ల నిండా అట్టపెట్టెలు.

"మేస్త్రీ, మీరు కూర్చోండి. ఇవాళ పని మాది" అన్నాడు తాడు. మేస్త్రి నోరు తెరిచేలోపే నలుగురూ నాలుగు గదుల్లోకి దూరిపోయారు. నిజానికి ఉన్నవి రెండే గదులు, వంటిల్లు, బాత్రూము. బాత్రూములోకి దూరినవాడు సబ్బుపెట్టెతో సహా బయటికొచ్చాడు.

"ఒరేయ్! ఒరేయ్ ఆపండ్రా! ఏంటిది? నేనెక్కడికీ వెళ్ళట్లేదు!"

తాడు మైకు వైపు చూశాడు. మైకు తల ఊపాడు. ఇద్దరూ ఎంతో గంభీరంగా, మేస్త్రి తమకి నేర్పిన పాఠం గుర్తు తెచ్చుకున్నారు.

పనిలో చేరిన ప్రతివాడికీ మేస్త్రి మొదటి రోజే చెప్పే పాఠం అది. ఎంత ఇష్టపడి ఇల్లు మారేవాళ్ళయినా సరే, సామాను కట్టడం మొదలయ్యేసరికి ఇంట్లో ఒకరు అడ్డం తిరుగుతారు. "మేం వెళ్ళం, దించేయండి" అంటారు. తిడతారు, ఏడుస్తారు. వాళ్ళతో వాదించకూడదు, వాళ్ళ మాట వినకూడదు. ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టాలి, చేతికి గ్లాసుతో మంచినీళ్ళివ్వాలి. ఆ కుర్చీ, ఆ గ్లాసు అన్నిటికంటే ఆఖర్న లారీ ఎక్కించాలి. "ఆ మనిషి మాట విన్నారో, సాయంత్రానికి లారీ అక్కడే ఉంటుంది, మర్నాడు ఆ మనిషే మనల్ని మళ్ళీ పిలుస్తాడు" అనేవాడు మేస్త్రి. ఎంత చక్కగా నేర్పాడో ఇప్పుడు తెలిసింది.

తాడు భుజాలు పట్టుకుని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాడు. మైకు మంచినీళ్ళు తెచ్చాడు.

"నాకు నీళ్ళిస్తార్రా? నాకే?" మేస్త్రి లేచి నిలబడ్డాడు.

"అందరికీ ఇదే ఉంటుంది మేస్త్రీ. మీరే చెప్పారుగా" అని తాడు ఎంతో ఓర్పుగా మళ్ళీ కూర్చోబెట్టాడు.

"నేను చెప్పింది కస్టమర్ల గురించిరా!"

"ఇవాళ మీరే కదా కస్టమరు."

మేస్త్రి వాణ్ణి తప్పించుకుని లేచాడు. కంపెనీ ఆఫీసుకి ఫోను చేసి వీళ్ళని వెనక్కి పిలిపిద్దామని చూస్తే, అద్దం దగ్గర పెట్టిన ఫోను అద్దంతో పాటు పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఏ పెట్టో తెలీదు. అంతలో అదే ఎక్కడో మోగడం మొదలెట్టింది. మేస్త్రి ఒక్కొక్క పెట్టెకీ చెవి ఆనించి వింటూ తిరిగాడు. ఆయన కట్టడం నేర్పిన పెట్టెలు. లోపలి చప్పుడు బయటికి సరిగ్గా రాదు.

అప్పుడు కింది వాటాలోంచి ఓనరమ్మ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. "చెప్పనైనా చెప్పకుండా వెళ్ళిపోతున్నారా! పోన్లే, మా చెల్లెలి కూతురు ఎప్పట్నుంచో ఈ వాటా కావాలంటోంది" అని అక్కడే నిలబడి ఫోను కలిపింది.

"అమ్మా, ఆగండి! నేను ఖాళీ చేయట్లేదు. వీళ్ళెవరో..."

"వీళ్ళెవరో అంటారేంటి, మీ వాళ్ళేగా?"

"పట్టించుకోకండమ్మా. ఆఖరి నిమిషంలో అందరూ ఇలాగే అంటారు" అన్నాడు తాడు. ఓనరమ్మ జాలిగా మేస్త్రి వైపు చూసింది. "పాపం, ఎన్నేళ్ళుగా ఉన్నారో కదా" అని, ఫోన్లో "ఆఁ, ఇవాళే వచ్చేయండి, సామాను తీసుకునే రండి" అంది.

ఇక మిగిలింది బీరువా. దాన్ని చూసి మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. ఇదొక్కటి వీళ్ళ తాతల వల్ల కూడా కాదు. కుర్చీలో వెనక్కి వాలి, చేతులు కట్టుకుని, "తీయండ్రా చూద్దాం" అన్నాడు. తాడు బీరువా చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపులు ఊడదీయించాడు. పైనున్న నగిషీ చెక్క విప్పించాడు. గుమ్మం తలుపుని మడతబందుల్లోంచి తప్పించి పక్కన పెట్టించాడు. బీరువాని పాత దుప్పట్లలో చుట్టి, వెల్లకిలా వాల్చి, తల ముందు పెట్టి నెమ్మదిగా తోశారు. సగం బయటికెళ్ళి ఆగిపోయింది. మేస్త్రి మొహం వెలిగిపోయింది. అంతలో మైకు దాన్ని ఒక్క ఊపున కుడివైపుకి తిప్పబోయాడు.

"ఒరేయ్ దరిద్రుడా, అటు కాదు! కాలు విరుగుతుంది! ఎడమవైపుకి వాల్చి, వెనక కాళ్ళు ముందు దించు!" అని అరిచాడు మేస్త్రి.

బీరువా వెన్నముద్దలా జారి బయటికెళ్ళిపోయింది. మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. పని తప్పుగా జరుగుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయనకి చేతకాదు, అది తన కొంప ముంచే పనైనా సరే.

సరిగ్గా అప్పుడే ఆవిడ ఇస్త్రీ బట్టలతో వచ్చింది. మెట్ల మీద బీరువా, వీధిలో లారీ, ఖాళీ గదిలో ఒక్క కుర్చీ. కుర్చీలో మొగుడు, ఒక బుగ్గన నురగ, చేతిలో నీళ్ళ గ్లాసు. 

"వదినా! మేస్త్రి గారి తరఫున మా అందరి కానుక!" అన్నాడు మైకు. వీధి వీధంతా విన్నది.

ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెళ్దాం అని ఒక్క మాటంటే సరిపోయేది కదండీ. ఇంత నాటకమెందుకు?" అంటూ దగ్గరికొచ్చి, కొంగుతో బుగ్గ మీది నురగ తుడిచింది. ఆవిడ అలా నవ్వి ఎన్నాళ్ళయిందో మేస్త్రికి గుర్తు లేదు. ఇది నేను చేసింది కాదు అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ నవ్వు చూసి మూసేశాడు. గ్లాసులో నీళ్ళు తాగేశాడు.

కానీ ఆవిడ వస్తువులు చూసుకోవడానికి కిందికి దిగగానే మొండితనం మళ్ళీ తలెత్తింది. "నేను ఈ కుర్చీలోంచి లేవను. ఏం చేస్తారో చేసుకోండి" అన్నాడు, రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని.

"లేవమని ఎవరన్నారు మేస్త్రీ?" అన్నాడు తాడు.

నలుగురూ నాలుగు కాళ్ళు పట్టుకుని కుర్చీతో సహా లేపారు. ఎంత నేర్పుగా దింపారంటే, మూడంతస్తుల మెట్లలో ఒక్క కుదుపు లేదు, ఒక్క గోడకీ గీత పడలేదు. మలుపు దగ్గర మాత్రం మేస్త్రి తనకి తెలియకుండానే "ముందువాళ్ళు పైకెత్తండి, వెనకవాళ్ళు దించండి" అన్నాడు. వీధిలో ఇరుగుపొరుగువాళ్ళు, వాళ్ళతో పాటు ఆవిడ కూడా, అదేదో సన్మానమనుకుని చప్పట్లు కొట్టారు. కుర్చీ ఆఖర్న ఎక్కింది, రూలు ప్రకారం. లారీ వెనకాల సామాను మధ్య, బీరువాకి ఎదురుగా కూర్చుని, తను మోసిన నగరమంతా వెనక్కి జరిగిపోతుంటే మేస్త్రి చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళ వీధి మలుపులో ఓనరమ్మ చెల్లెలి కూతురి లారీ ఎదురొచ్చింది. ఇక వెనక్కి వెళ్ళడానికి ఇల్లు కూడా లేదు.

చిన్న ఊళ్ళో ఇంటాయన రిటైరైన సర్వేయరు. ఊరు ఊరంతా ఒకప్పుడు గొలుసుతో కొలిచినవాడు, ఇప్పుడు కొలవడానికి ఏమీ లేక వరండాలో కూర్చుంటున్నాడు. ఇల్లు చూడ్డానికి మొగుడూ పెళ్ళాం బస్సులో వస్తారనుకుంటే, లారీ వచ్చి ఆగింది.

"చూసిపోతానన్నారు గదమ్మా?" అన్నాడు కళ్ళజోడు సర్దుకుంటూ.

"మా వారు ముందే నిర్ణయం తీసేసుకున్నారండీ" అంది ఆవిడ, ఎంతో గర్వంగా.

"నేనింకా తీసుకోలేదు" అని సర్వేయరు లారీ చుట్టూ ఒకసారి తిరిగి, దుప్పట్లలో చుట్టిన బీరువా దగ్గర ఆగాడు. జేబులోంచి టేపు తీశాడు. బీరువాని కొలిచాడు, వెళ్ళి గుమ్మాన్ని కొలిచాడు, మళ్ళీ వచ్చి బీరువాని కొలిచాడు. "ఇది మా గుమ్మంలో పట్టదు. నా గోడలు పాడుచేస్తారు. మీకు ఇల్లివ్వడం కుదరదు, వెళ్ళిరండి."

మేస్త్రి పొద్దుట్నుంచీ ఏ మాట కోసం పడిగాపులు కాశాడో ఆ మాట అది. తను టేపు జేబులో వేసుకుని, ప్రాక్టీసు చేసుకుని మరీ చెబుదామనుకున్న మాట. లారీలోంచి ఒక్క దూకు దూకి, ఆయన చెయ్యి పట్టుకుని థాంక్సు చెప్పాలి. దూకనైతే దూకాడు.

"ఏంటీ? పట్టదా?" అన్నాడు.

"పట్టదు. కొలతలు చెబుతున్నాయి."

"ఎవరి చేతిలో పట్టదు? నేనుండగా పట్టదా?"

"మీరెవరు?"

"మేస్త్రిని!"

"ఎవరైతేనేం? ఎవరి వల్లా కాదు."

అంతే. ఆ తర్వాత తాడు ఎంత చెప్పినా, డ్రైవరు హారన్ కొట్టినా మేస్త్రి వినిపించుకోలేదు. చొక్కా విప్పి తాడు మీదికి విసిరాడు. "మీరు నిలబడి కొలిచారు. నా బీరువా పడుకుని వస్తుంది" అన్నాడు సర్వేయరుతో. పొద్దున్న విప్పిన నగిషీ, తలుపులు ఓ పక్కకి, ఇంటి తలుపు మడతబందుల్లోంచి బయటికి. చుట్టుపక్కల జనం పోగయ్యారు. బీరువాని ఎవరినీ ముట్టుకోనివ్వకుండా వీపున ఎత్తుకుని, వంగి, ముందు దాని తలని గుమ్మంలోకి పోనిచ్చి, ఎడమవైపుకి వాల్చి, మోకాలితో దాని నడుముని ఎత్తి, ఒక్కో అంగుళం జరుపుతూ లోపలికి వెళ్ళాడు. సర్వేయరు గోడకి కళ్ళజోడు ఆనించి గీత కోసం వెతుకుతూ పక్కనే నడిచాడు. బీరువా గదిలో నిలబడింది. గోడకి గీత లేదు. జనం చప్పట్లు కొట్టారు. సర్వేయరు తన టేపుని చేతిలో తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"ఇలాంటి మొండివాడికి ఇల్లివ్వకపోతే వీధిలోనే కాపురం పెట్టేలా ఉన్నాడు. తాళాలు తీసుకోమ్మా" అన్నాడు చివరికి.

మేస్త్రి చెమట తుడుచుకుంటూ విజయగర్వంతో నలువైపులా చూశాడు. చూస్తుండగా నెమ్మదిగా తెలిసింది, తనేం చేశాడో.  ఇంతలో మైకు సంతోషం పట్టలేక, "చూశారా వదినా! పొద్దున్న రాను రానని ఎంత గోల చేశారో మేస్త్రి గారు! పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి మరీ తెచ్చాం!" అన్నాడు.

ఆవిడ నవ్వు ఆగిపోయింది. "రానన్నారా?"

తాడు మైకు డొక్కలో మోచేత్తో పొడిచాడు.  తాడు చేతిలో ఉన్న చొక్కా జేబులోంచి టేపు జారి నేల మీద పడింది. ఆవిడ దాన్ని తీసి చూసింది. "ఇదెందుకు?"

మేస్త్రి అబద్ధం చెప్పొచ్చు. పొద్దుట్నుంచీ చెప్పకుండానే చెప్పాడు కూడా. "బీరువా పట్టదని నీకు చూపించడానికి" అన్నాడు.

ఆవిడ టేపుని ఆయన చేతిలో పెట్టి, వెళ్ళి గుమ్మం మెట్టు మీద కూర్చుంది. "తాడూ, సామాను మళ్ళీ ఎక్కించు. బీరువా తీయండి. మోసుకొచ్చి పడేసిన మనిషితో నేనీ ఇంట్లో ఉండను. ఆయన్ని ఆయన ఊళ్ళో దింపేయండి. నాకు హాస్టల్లో గది ఉంది."

"హాస్టల్లో గది ఉందా?" అన్నాడు మేస్త్రి.

"ఉంది. మాట్లాడి పెట్టుకున్నా."

అప్పుడు తెలిసింది ఆయనకి, అది బెదిరింపు కాదని. తాడు, మైకు, డ్రైవరు అందరూ మేస్త్రి వైపు చూశారు. ఆఖరి నిమిషంలో ఒకరు అడ్డం తిరిగారు. ఇప్పుడేం చేయాలో అందరికీ తెలుసు, చేయడానికే ఎవరికీ ధైర్యం లేదు. మేస్త్రి లారీ దగ్గరికెళ్ళి, పొద్దున్న తను కూర్చున్న కుర్చీ దించి తెచ్చి ఆవిడ పక్కన వేశాడు. ఆవిడ అందులో కూర్చోలేదు. సర్వేయరింటి కుళాయి దగ్గర గ్లాసు నింపి తెచ్చాడు. ఆవిడ తీసుకోలేదు. గ్లాసు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"నన్ను వీళ్ళు మోసుకొచ్చిన మాట నిజం. బీరువాని మాత్రం నేనే మోశాను. నన్నెవరూ బలవంతం చేయలేదు" అన్నాడు.

"అది ఇంటాయన మీద పంతంతో మోశారు, నా కోసం కాదు."

"పంతమే. నాకు పంతం తప్ప ఇంకోటి ఎప్పుడు చేతనైంది?" అన్నాడు మేస్త్రి. "నాకు భయమేసిందే. అక్కడ ఏ మెట్లెక్కినా నన్నెరిగినవాళ్ళుంటారు. ఇక్కడ నేనెవర్ని? నర్సమ్మగారి మొగుణ్ణి. అంతే కదా?"

ఆవిడ తలెత్తి చూసింది. "అక్కడ ఇన్నాళ్ళూ నేనెవర్నండీ? మేస్త్రి పెళ్ళాన్ని. ఏమైనా అరిగిపోయానా?"

మేస్త్రి గ్లాసు ఇంకో చేతికి మార్చుకున్నాడు.   "నువ్వు హాస్టల్లో ఉంటే నేనుండలేను. ఇదొక్కటీ ఎవరూ మోయించకుండా చెబుతున్నా" అన్నాడు. నలుగురూ వింటుండగా ఆయన అలాంటి మాట అనడం పెళ్ళైనప్పటినుంచీ లేదు. లోపల్నుంచే వచ్చింది.

ఆవిడ చెయ్యి చాపి గ్లాసు తీసుకుని తాగింది. తర్వాత లేచి కుర్చీలో కూర్చుంది. "దించండి మరి, నిలబడతారేం?" అంది పనివాళ్ళతో. "ఆ ఫోను మోగుతున్న పెట్టె ముందు దించండి, నా తల పగిలిపోతోంది."

సాయంత్రానికి సామానంతా దించడం అయింది. చీకటి పడకముందే పనివాళ్ళు లారీతో వెళ్ళిపోయారు. మేస్త్రి పెట్టె విప్పి ఫోను తీశాడో లేదో, అది మళ్ళీ మోగింది. ఓనరమ్మ.

"మేస్త్రి గారూ, పొద్దుట్నుంచీ చేస్తున్నా! మా చెల్లెలి కూతురి మంచం మన గుమ్మంలో పట్టట్లేదు. అలిగి వెళ్ళిపోయారు వాళ్ళు. వాటా ఖాళీగానే ఉంది. మీకు ఇష్టం లేకుండా తీసుకెళ్ళారట గదా, పాపం. వచ్చేయండి, తలుపు తీసే ఉంచాను."

వంటింట్లో గిన్నెలు సర్దుతున్న ఆవిడ చేతులు ఆగిపోయాయి. మేస్త్రి ఆవిడ వైపు చూశాడు. బీరువా వైపు చూశాడు. ఆయన వీపు ఇంకా నొప్పెడుతోంది.

"ఏమనుకుంటున్నారండీ నన్ను?" అని ఇల్లు అదిరిపోయేలా అరిచాడు ఫోన్లో. "పిలవగానే వచ్చేయడానికి నేనేమన్నా సామానా? ఈ ఇల్లు నాది. ఈ ఊరు నాది. లారీలు పంపినా సరే, ఇక్కణ్ణుంచి నేను కాలు కదపను!"

వరండాలో కూర్చున్న సర్వేయరు ఆ కేకలు విని, లేచి లోపలికెళ్ళి, ఒక గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి వాళ్ళ గుమ్మంలో పెట్టాడు.